60 వేలు పెట్టే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ఒక్క గ్రాఫ్ చూడు తమ్ముడూ

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కొత్తగూడెం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ల్యాప్‌టాప్ ఐ5 12450హెచ్, ఆర్‌టీఎక్స్ 3050 4 జీబీ, ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 512. ప్రీమియర్ ప్రో వాడతాను. ఇదివరకు బానే ఉండేది, మా కెమెరా అన్న సోనీ ఏ7 ఫోర్ తీసుకున్నాక టైమ్‌లైన్ ప్లే చేస్తే ఆగి ఆగి వస్తోంది, కలర్ వేస్తే ఇంకా ఘోరం, మధ్యలో గ్రాఫిక్స్ మెమరీ సరిపోవట్లేదని ఎర్రర్ కూడా వస్తోంది. డ్రోన్ క్లిప్పులు, చుట్టాల ఐఫోన్ క్లిప్పులు కూడా కలుస్తాయి. షాపులో అడిగితే 3050 ఎడిటింగ్‌కి పనికిరాదు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి రైజెన్ ప్రాసెసర్ 4060 కార్డు ఉన్నది తీసుకో, పైన 60 వేలు వేసుకో అన్నారు. యూట్యూబ్‌లో ఒకాయన రిజిస్ట్రీలో గ్రాఫిక్స్ మెమరీ పెంచుకోవచ్చంటున్నాడు, ఇంకొకాయన ఇంటెల్ గ్రాఫిక్స్ డిసేబుల్ చేసేయమంటున్నాడు. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఏం చెయ్యమంటావు?

సమాధానం: తమ్ముడూ, ఆ 60 వేలు ప్రస్తుతానికి నీ దగ్గరే ఉంచు. అసలు సంగతి నీ ఉత్తరంలో నువ్వే రాశావు, సోనీ కెమెరా వచ్చాకే ఇది మొదలైందని. ల్యాప్‌టాప్ అదే, ప్రీమియర్ అదే, మారింది ఫుటేజ్ ఒక్కటే. అలాంటప్పుడు తప్పంతా గ్రాఫిక్స్ కార్డు మీద వేసేసి కార్డు మార్చేస్తే జబ్బు ఒకచోట మందు ఇంకోచోట అవుతుంది. పైగా షాపులో నీకు చూపించిన ఆ రైజెన్ ప్లస్ 4060 మెషీన్, నీ కెమెరా ఫుటేజ్ విషయంలో ఇప్పుడు నీ దగ్గరున్న దానికన్నా ఇబ్బంది పెట్టే ఛాన్స్ ఎక్కువ. ఎందుకో కింద చెప్తా, అది అర్థమైతే మిగతాదంతా ఈజీ.

వీడియో ఎడిటింగ్‌లో గ్రాఫిక్స్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ లోపల జరిగే పనులు వేరువేరు. ఒకటి కెమెరా నొక్కి నొక్కి చిన్నగా చేసి పెట్టిన ఫైల్‌ని విప్పి ఫ్రేమ్ బయటకి తియ్యడం, దీన్నే డీకోడ్ అంటాం. రెండోది ఆ ఫ్రేమ్ మీద నువ్వు వేసిన లుమెట్రీ కలర్, లట్ (రెడీమేడ్ కలర్ ఫైల్), బ్లర్, స్కేల్ ఇవన్నీ లెక్క కట్టడం, ఇది 3050లో ఉన్న కుడా (CUDA) కోర్ల పని, అంటే ఎన్‌విడియా కార్డులో లెక్కలు చేసే యూనిట్లు. మూడోది చివర్లో మళ్లీ నొక్కి ఫైల్ రాయడం, అంటే ఎక్స్‌పోర్ట్. కలర్ లెక్కలకి 3050 మరీ తీసిపారేసే కార్డు కాదు, 2048 కుడా కోర్లు ఉన్నాయి, 1080పి టైమ్‌లైన్ మీద పెళ్లి వీడియోకి వేసే కలర్‌ని బానే లాగుతుంది. నీ దగ్గర ఇరుక్కునేది మొదటి పనిలో, అంటే విప్పడంలో అని నా గట్టి అనుమానం.

కెమెరాలు వీడియోని నొక్కి చిన్నది చేసే పద్ధతులు హెచ్.264, హెచ్.265. ఈ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఒక ఫ్రేమ్ పూర్తిగా ఉంటుంది, దాని తర్వాత వచ్చేవాటిలో ఏం మారిందో ఆ తేడా మాత్రమే రాసి ఉంటుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఫలానా రోజుకి బాకీ ఎంతో తెలియాలంటే ఆఖరుసారి లెక్క తీర్చిన తేదీ నుంచి కూడుకుంటూ రావాలి చూడు, ఇదీ అంతే, నువ్వు తలంబ్రాల మధ్యలో ఎక్కడో ఒక ఫ్రేమ్ దగ్గర కర్సర్ పెడితే సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమ్ పట్టుకుని అక్కడి నుంచి అన్నీ విప్పుకుంటూ రావాలి. కట్ చేసిన ప్రతిచోటా మళ్లీ ఇదే పని. ఈ పని ప్రాసెసర్ కోర్లు చేస్తే ఫ్యాన్ గోల పెడుతుంది, అందుకే చిప్పుల్లో దీనికోసమే విడిగా ఒక చిన్న బ్లాక్ ఉంటుంది, ఎన్‌విడియాది ఎన్‌వీడెక్, ఇంటెల్‌ది క్విక్ సింక్.

అసలు చిక్కు ఇక్కడే. ఆ బ్లాకులు అన్ని రకాల ఫైళ్లనీ విప్పలేవు. ఏ7 ఫోర్ 10 బిట్ 4:2:2 లో, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతిలో, రికార్డ్ చెయ్యగలదు. మీ కెమెరా అన్న లాగ్‌లో (తర్వాత కలర్ వేసుకోవడానికి వెలిసినట్టు తీసే ప్రొఫైల్) తీస్తుంటే అదే పెట్టుకుని ఉంటాడు. ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2 ని హార్డ్‌వేర్‌లో విప్పడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. 3050 కి రాదు, 4060 కి రాదు, డెస్క్‌టాప్‌లో పెట్టే 4090 కి కూడా రాదు. కానీ ఇంటెల్‌ది నీ 12వ జనరేషన్ ప్రాసెసర్‌లో ఉన్న మామూలు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ ఉంది కదా, అందరూ దేనికీ పనికిరాదనే ఆ గ్రాఫిక్స్, అది హెచ్.265 10 బిట్ 4:2:2 ని హార్డ్‌వేర్‌లో విప్పుతుంది! 11వ జనరేషన్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో కూడా ఉంది ఇది. రైజెన్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్‌కి మాత్రం 4:2:2 రాదు. ఇప్పుడు షాపు వాళ్ళు చెప్పిన మెషీన్ లెక్క చూడు, రైజెన్ విప్పలేదు, 4060 విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే. గేమ్స్‌కి అది నీదానికన్నా చాలా మంచి మెషీన్, అందులో డౌట్ లేదు, నీ పనికి మాత్రం 60 వేలు పెట్టి ఇప్పుడున్న ఒక సౌకర్యం పోగొట్టుకోవడమే.

ఇంటెల్ గ్రాఫిక్స్ డిసేబుల్ చెయ్యి అన్న యూట్యూబ్ సలహా కూడా ఇందుకే వద్దంటున్నా. గేమ్స్ ఆడేవాళ్ళకి కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానివల్ల కాస్త ఫ్రేమ్స్ పెరగొచ్చు. నువ్వు చేస్తే నీ ఫుటేజ్‌ని విప్పగలిగిన ఒకే ఒక్క బ్లాక్‌ని నీ చేత్తో నువ్వే ఆపేసినట్టు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే డిస్క్రీట్ జీపీయూ ఓన్లీ, అల్టిమేట్ అనే మోడ్‌లు ఉంటాయి, అవి పెట్టినా ఇంటెల్ గ్రాఫిక్స్ మాయమైపోవచ్చు. హైబ్రిడ్ మోడ్‌లోనే ఉంచు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లూ కనిపించాలి, ఇంటెల్‌దీ ఎన్‌విడియాదీ.

ఇవాళే కూర్చుని ఇది చూడు. ఛార్జర్ పెట్టు, ప్రీమియర్‌లో నిన్ను ఏడిపించే ఆ టైమ్‌లైన్ ప్లే చెయ్యి, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లు. జీపీయూ 0, జీపీయూ 1 అని రెండుంటాయి, మామూలుగా 0 ఇంటెల్‌ది, 1 ఎన్‌విడియాది, పేరు పక్కనే రాసి ఉంటుంది. ఇంటెల్ దాని మీద నొక్కితే వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది, చిన్న బాణం నొక్కి గ్రాఫ్ మార్చుకోవచ్చు. ప్లే అవుతున్నంతసేపూ ఆ గ్రాఫ్ సున్నా దగ్గరే పడుకుని, సీపీయూ మాత్రం 90, 100 కొడుతుంటే నేను చెప్పిందే జరుగుతోంది. అలా కాకుండా ర్యామ్ 95 శాతం దాటి డిస్క్ గ్రాఫ్ కూడా ఎగురుతుంటే అది ర్యామ్ కష్టం. ఎన్‌విడియా దాంట్లో డెడికేటెడ్ జీపీయూ మెమరీ 4 కి 3.8 అలా నిండిపోయి షేర్డ్ మెమరీ పైకి పాకుతుంటే అది వీర్యామ్ (VRAM, గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ) కష్టం. నీ దగ్గర ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయనుకుంటా, మొదటిది పెద్దది.

డీకోడ్ గ్రాఫ్ పడుకుని ఉంటే ప్రీమియర్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియాలోకి వెళ్లు. ఎనేబుల్ హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ అని ఉంటుంది, దాని కింద ఇంటెల్‌కి ఒక టిక్కు, ఎన్‌విడియాకి ఒక టిక్కు. రెండూ ఉండాలి, ముఖ్యంగా ఇంటెల్‌ది. టిక్కు పెట్టాక ప్రీమియర్ మూసి మళ్లీ తెరవాలి, అప్పుడే పని చేస్తుంది. టిక్కు ఉన్నా గ్రాఫ్ కదలట్లేదంటే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదై ఉండొచ్చు, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లోనో ఇంటెల్ సైట్‌లోనో కొత్తది తీసుకో. మనవాళ్ళు ఎన్‌విడియా డ్రైవర్ వారం వారం అప్‌డేట్ చేస్తారు గానీ ఇంటెల్‌ది కొన్ననాటి నుంచి ముట్టుకోరు. ఎన్‌విడియాలో గేమ్ రెడీ బదులు స్టూడియో డ్రైవర్ పెట్టుకో, దానివల్ల స్పీడ్ పెరగదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో గొడవ తక్కువ. ఒక పెళ్లి ప్రాజెక్ట్ మధ్యలో ఉండగా మాత్రం ఏ డ్రైవరూ మార్చకు, డెలివరీ అయ్యాక మార్చుకో.

ఇంకో చిన్న సంగతి, ఫైల్, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లో రెండరర్ అని ఉంటుంది, అక్కడ మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ జీపీయూ యాక్సిలరేషన్ కుడా అని ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే నీ 3050 ఊరికే కూర్చున్నట్టే. ఒక ప్రాజెక్ట్ ఇంకో మెషీన్ నుంచి తెచ్చి తెరిచినప్పుడు ఇది మారిపోతుంటుంది, ఓ చూపు చూసుకో.

ఇక కెమెరా దగ్గరే చేసుకోవాల్సిన పని ఒకటుంది, ఇది మీ కెమెరా అన్నతో కూర్చుని మాట్లాడు. మీడియాఇన్ఫో అని ఫ్రీ టూల్ ఉంది, అది వేసుకుని ఒక సోనీ క్లిప్ అందులో తెరువు. ఫార్మాట్ హెచ్ఈవీసీ (అంటే హెచ్.265) అని ఉండి క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:2 అని ఉంటే పైన చెప్పిన టిక్కుతో నీ ఇంటెల్ అందుకుంటుంది. ఫార్మాట్ ఏవీసీ అని ఉండి 4:2:2 10 బిట్ అయితే కష్టం, అది హెచ్.264 లో 10 బిట్, దాన్ని ఇంటెలూ విప్పదు, నీ 3050 కూడా విప్పదు. సోనీ రికార్డింగ్ ఫార్మాట్లలో ఎక్స్‌ఏవీసీ ఎస్ 4కె పెట్టి 4:2:2 10 బిట్ ఎంచుకుంటే సరిగ్గా ఇదే వస్తుంది. మనవాళ్ళు దాంట్లోకి ఎందుకు వెళ్తారంటే పాల్ (PAL, మన 25, 50 ఫ్రేముల పద్ధతి) లో ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్ 4కె, అంటే సోనీ హెచ్.265 ఫార్మాట్‌కి, 25 ఫ్రేమ్స్ ఆప్షన్ ఉండదు, 50 నుంచే మొదలు, 25 కావాలని ఎక్స్‌ఏవీసీ ఎస్‌కి వెళ్తారు, తెలీకుండానే ఎడిటర్ నెత్తిన బండ పడుతుంది. క్యాండిడ్, టీజర్ షాట్లకి హెచ్ఎస్ లో 50 ఫ్రేమ్స్ తియ్యమను, ఎలాగూ స్లో మోషన్ చేస్తారు కాబట్టి 25 టైమ్‌లైన్‌లో సగం స్పీడ్‌కి చక్కగా కూర్చుంటుంది. హెచ్ఎస్ లోనే రంగు వివరం కాస్త తక్కువ దాచే 4:2:0 10 బిట్ ఆప్షన్ కూడా ఉంది, అది పెడితే నీ 3050 కూడా విప్పగలదు, పెళ్లి వీడియోలో ఆ తేడా కంటికి ఆనదు.

మూడు నాలుగు గంటలు నడిచే ట్రెడిషనల్ వీడియోకి, అదే వ్రతం, జీలకర్ర బెల్లం, ఆశీర్వచనాలు, స్టేజి మీద ఒక్కొక్కరూ వచ్చి ఫొటోలు దిగడం, దీనికి లాగ్, 10 బిట్, 4కె ఎందుకు చెప్పు? చివరికి ఇచ్చేది పెన్‌డ్రైవ్‌లో 1080పి. మామూలు కలర్ ప్రొఫైల్‌లో 8 బిట్ 4:2:0 తీస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా పరిగెడుతుంది, కలర్ కరెక్షన్ టైమూ మిగులుతుంది. 8 బిట్‌లో లాగ్ మాత్రం తియ్యొద్దు, లైట్ల వెనక గోడలు, ఆకాశం చారలు చారలుగా విడిపోతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, మన ఊళ్ళలో పెళ్లి వీడియో పనిలో ఎడిటర్లు పడే కష్టంలో చాలా భాగం, అవసరం ఉన్నా లేకపోయినా అన్నీ పెద్ద సెట్టింగులో తీసెయ్యడం వల్ల వస్తున్నదే.

ఈ మార్పులు చేసినా రెండు మూడు కెమెరాల మల్టీక్యామ్ టైమ్‌లైన్ దగ్గర మళ్లీ తడబడుతుంది. దానికి తిరుగులేనిది ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు ఫైల్. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్, ప్రోరెస్ ప్రాక్సీ ఎంచుకో, సైజు 1080 గానీ అంతకన్నా తక్కువ గానీ పెట్టు. మీడియా ఎన్‌కోడర్ తెరుచుకుని వరసగా చేసుకుపోతుంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతాయి. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే, ముందున్న ఫ్రేముల లెక్క అక్కర్లేదు, అందుకే టైమ్‌లైన్ మీద కర్సర్ లాగితే వేలికి అంటుకున్నట్టు వస్తుంది. ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లస్ నొక్కి టాగుల్ ప్రాక్సీస్ బటన్ తెచ్చి పెట్టుకో, నీలంగా ఉంటే ప్రాక్సీ మీద ఉన్నట్టు, కలర్ చూసేటప్పుడు మాత్రం అది ఆపి ఒరిజినల్ చూడు. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒరిజినల్ ఫైళ్ల నుంచే తీసుకుంటుంది, యూజ్ ప్రాక్సీస్ అని నువ్వు కావాలని టిక్కు పెడితే తప్ప. క్వాలిటీ పోతుందేమో అని చాలామంది ప్రాక్సీ జోలికే పోరు, ఆ భయం అక్కర్లేదు.

ప్రాక్సీకి జాగా కావాలి మరి. 1080పి 25 ఫ్రేమ్స్ ప్రోరెస్ ప్రాక్సీ గంటకి సుమారు 17 జీబీ. ఒక పెళ్లిలో అన్ని కెమెరాలూ కలిపి ఆరు గంటల ఫుటేజ్ అనుకున్నా 100 జీబీ. నీ 512 లో విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఒరిజినల్ ఫుటేజ్ పోను మిగిలేది దానికి చాలకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటుంది, మోడల్ నంబర్ పెట్టి చూడు, ఉంటే 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేసుకో. ఫుటేజ్, ప్రాక్సీ, మీడియా క్యాష్ (ప్రీమియర్ తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లు) మూడూ దాంట్లో పెట్టు. పాత పెళ్లిళ్లు మాత్రం హార్డ్ డిస్క్‌లోకి తోసెయ్, హార్డ్ డిస్క్ దాచుకోవడానికే, దాని మీద పెట్టి ఎడిట్ చెయ్యకు. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చిల్లర ఇస్తుంది, అదీ వరసగా చదివితే, మూడు కెమెరాలు ఒకేసారి అడిగితే ముల్లు అటూ ఇటూ పరిగెత్తలేక చతికిలపడుతుంది, నువ్వేమో గ్రాఫిక్స్ తక్కువైందనుకుంటావు. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్‌కి వెళ్లి పాతవి డిలీట్ కూడా కొట్టు, ఎప్పుడూ కొట్టకపోతే అక్కడ పదుల జీబీలు పేరుకుని ఉంటాయి.

ర్యామ్ దగ్గరికొద్దాం. డబ్బులు పెట్టాల్సింది ఏదన్నా ఉందంటే మొదట ఇదే. 8 జీబీతో 4కె ఎడిటింగ్ అంటే చాలా ఇరుకు, అడోబీ వాళ్ళే హెచ్‌డీకి 16, 4కె కి 32 ఉండాలంటారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని కనిపిస్తే అదృష్టమే, ఒక స్లాట్ ఖాళీగా ఉంది. నీ ప్రాసెసర్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ వస్తుంది కాబట్టి నీదాంట్లో ఏదుందో సీపీయూ జెడ్ టూల్‌లో చూసి అదే రకం, అదే స్పీడ్ తీసుకో, ఒకదాని బదులు ఇంకోటి దూరదు. కనీసం ఇంకో 8 వేసి 16 చెయ్యి, కుదిరితే 16 రెండు పెట్టి 32. ఈ మధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి కాబట్టి నాలుగు చోట్ల అడిగి తీసుకో. రెండు స్లాట్లలో రెండు ర్యామ్‌లు ఉంటే డ్యూయల్ చానల్ అవుతుంది, ఇంటెల్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకని రెండో ర్యామ్ వేస్తే దానికి దారి రెండింతలు వెడల్పవుతుంది. ర్యామ్ వేస్తే గ్రాఫిక్స్ పెరిగిందన్న మాట నిజమయ్యేది ఇక్కడే.

ఆ రిజిస్ట్రీ కిటుకు గురించి అడిగావు, దాన్ని వదిలెయ్. డెడికేటెడ్ సెగ్మెంట్ సైజ్ అని ఒక విలువ మారుస్తారు, దానివల్ల ఇంటెల్ గ్రాఫిక్స్ ప్రాపర్టీస్‌లో చూపించే అంకె మారుతుంది అంతే, మెమరీ ఎక్కడి నుంచీ ఊడిపడదు. 3050 మీద ఉన్న 4 జీబీ బోర్డుకి అతికించిన చిప్పులు, ఏ సెట్టింగ్‌తోనూ పెరగవు. గేమ్ బూస్టర్లు, పీసీ ఆప్టిమైజర్లు కూడా వద్దు, అవే ఇంకో వంద ఎంబీ తింటాయి. బయట గ్రాఫిక్స్ కార్డు తగిలించే డబ్బాల గురించి కూడా ఎవరైనా చెప్తారేమో, వాటికి థండర్‌బోల్ట్ గానీ యూఎస్‌బీ4 గానీ ఉండాలి, ఆ డబ్బాకీ కార్డుకీ పెట్టే డబ్బుతో ఇంకో మంచి దారి చూసుకోవచ్చు.

మరి ఆ 4 జీబీ నిండిపోయి వచ్చే ఎర్రర్ సంగతి? సీక్వెన్స్‌ని 4కె లో పెట్టుకుని ఉంటే 1080 కి మార్చు, ఒక 4కె ఫ్రేమ్‌లో 1080 ఫ్రేములు నాలుగు పడతాయి, మెమరీ లెక్కా అలాగే తగ్గుతుంది. ప్లేబ్యాక్ రిజల్యూషన్ హాఫ్‌కో క్వార్టర్‌కో దించు, దాని పక్కనున్న సెట్టింగ్స్‌లో హై క్వాలిటీ ప్లేబ్యాక్ ఆపు. నాయిస్ తీసే ప్లగిన్ వాడుతుంటే అది అన్నిటికన్నా బరువు, కటింగ్ అంతా అయ్యాక చిట్టచివర వెయ్యి, ముందే వేసి ఉంటే గ్లోబల్ ఎఫ్ఎక్స్ మ్యూట్ బటన్ నొక్కి పని చేసుకో. వార్ప్ స్టెబిలైజర్ కూడా అంతే, దాని అనాలిసిస్ ప్రాసెసర్ మీద నడుస్తుంది, ప్రతి డ్రోన్ షాట్‌కీ అలవాటుగా వెయ్యకు, గింబల్ మీద తీసిన డ్రోన్ షాట్‌కి దాని అవసరమే చాలాసార్లు ఉండదు. వెనక క్రోమ్ మూసెయ్, అదీ గ్రాఫిక్స్ మెమరీ వాడుతుంది. టైమ్‌లైన్ పైన ఎర్ర గీత ఉన్నచోట మాత్రం ఇన్ అవుట్ పెట్టి రెండర్ కొట్టుకుంటే పచ్చబడుతుంది, హాయిగా చూసుకోవచ్చు.

ఐఫోన్ క్లిప్పులది వేరే గోల. ఫోన్లు వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో తీస్తాయి, అంటే సెకనుకి ఫ్రేములు ఒకేలా ఉండవు, టైమ్‌లైన్‌లో ఆడియో జారిపోతుంది, ప్లే తడబడుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లోనో షటర్ ఎన్‌కోడర్‌లోనో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చి అప్పుడు తెచ్చుకో. రెండూ ఫ్రీనే.

కరెంటు, వేడి ఈ రెండూ కూడా చూసుకోవాలి, కొత్తగూడెంలో ఉన్నావు కాబట్టి మరీను. ఛార్జర్ తీసేస్తే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకి పవర్ బాగా కోసేస్తుంది, కరెంటు పోయి బ్యాటరీ మీదకి వెళ్లినప్పుడు టైమ్‌లైన్ నత్తలా నడిస్తే అందులో వింతేం లేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద ఛార్జరే వాడు, ఫంక్షన్ హాల్‌కి మోసుకెళ్లడం బరువని 65 వాట్ల టైప్ సీ ఛార్జర్ పెడితే పూర్తి స్పీడ్ రాదు. విండోస్ పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కూడా పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టు. 3050 అని పేరు ఒకటే అయినా ఒక్కో ల్యాప్‌టాప్‌లో దానికిచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఉంటుంది, నీదెంతో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ దగ్గర కనిపిస్తుంది.

మేలో మీ గదిలో ఉండే వేడికి ఏ ల్యాప్‌టాప్ అయినా తన్నుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసి ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా చూడు, ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకి థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర యస్ అని వస్తే స్పీడ్ తనంతట తనే తగ్గించుకుంటోందని అర్థం. పరుపు మీద, బొంత మీద అస్సలు పెట్టొద్దు, వెనక వైపు ఒక అంగుళం ఎత్తు లేపినా తేడా కనిపిస్తుంది. కొని రెండేళ్లు దాటితే ఫ్యాన్లలో దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ మార్పించు, తెలిసినవాళ్ళ చేతే. ఎయిర్ కూలర్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే నీకు బాగుంటుంది గానీ ఆ తడిగాలి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి కొట్టకుండా చూసుకో.

ఎక్స్‌పోర్ట్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఉండాలి, మ్యాగ్జిమమ్ రెండర్ క్వాలిటీ టిక్కు తీసెయ్. ఇంకా లేటవుతోందంటే ఎఫెక్ట్‌ల బరువే.

ఈ సీజన్‌కి నేనైతే ఇవాళ ఆ టిక్కు, సీక్వెన్స్ 1080, ఇంటెల్ డ్రైవర్ ఈ మూడూ చూసి, ఈ వారంలో ర్యామ్, వచ్చే అడ్వాన్స్‌తో ఎస్ఎస్‌డీ తీసుకుంటా. సీజన్ అయ్యాక కూడా కొత్తది కావాలనిపిస్తే అప్పుడు 50 సిరీస్ ఎన్‌విడియా, 8 జీబీ వీర్యామ్, 32 ర్యామ్, వీలైతే ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నది చూడు, 50 సిరీస్ అయితే హెచ్.264 4:2:2 కూడా విప్పుతుంది, మీ కెమెరా అన్న ఏ సెట్టింగ్‌లో తీసుకొచ్చినా గొడవుండదు. ఆపిల్ ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లు కూడా హెచ్.265 4:2:2 బాగా లాగుతాయి, కాకపోతే వాటిల్లో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే ఎక్కువది తీసుకోవాలి. షాపుకి వెళ్లేటప్పుడు నీ సోనీ క్లిప్పులు నాలుగు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లు, డెమో మెషీన్ మీద డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ చూపిస్తే దాన్ని బట్టి తీర్పు ఇవ్వకు, హార్డ్‌వేర్ డీకోడ్ పూర్తిగా ఉండేది దాని పెయిడ్ స్టూడియో వెర్షన్‌లోనే, ప్రీమియర్ ట్రయల్ వేయించి చూడు, పక్కన టాస్క్ మేనేజర్‌లో డీకోడ్ గ్రాఫ్ లేస్తోందా లేదా చూసి అప్పుడు రేటు మాట్లాడు.